నందిగామనుండి విశాఖకు: నడిమి దారిలో మన జట్టు

స్త్రీలు యాత్రకు బయలుదేరినారనగా తిరుపతికో, శ్రీశైలమునకో, పుష్కరస్నానమునకో యని వినువారు తలంతురు. 2025వ సంవత్సరము అక్టోబరు నెలలో మేము నందిగామనుండి విశాఖపట్టణమునకు పోయితిమి. పొరుగింటివారు "సింహాచలమా?" యని యడిగిరి. కాదంటిమి. "పెండ్లియా?" యనిరి. అదియు కాదంటిమి. ఆడపిల్లల క్రికెట్టు చూడబోవుచున్నామని చెప్పగా వారు కొంతసేపు మా మొగము వంక చూచి, "అందుకోసము అంతదూరమా? టెలివిజనులో వచ్చును గదా!" యనిరి. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఇప్పుడు వ్రాయుచున్నది ఆ సమాధానమే యని సోదరీమణులు గ్రహింతురు గాక.

మా ఊరు ఎఱుగనివారికొఱకు రెండు మాటలు చెప్పవలయును. నందిగామ కృష్ణాజిల్లా మెట్టసీమలోనిది. 2022 ఏప్రిలులో జిల్లాలను విభజించినప్పటినుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. డెల్టా వారికి కాలువలు, వరిమళ్ళు, కొబ్బరితోటలు కలవు. మాకు మున్నేఱు, ప్రత్తిచేలు, మిరపతోటలు, సుబాబుల్ తోపులు కలవు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి మా ప్రక్కగనే పోవును. ఆ దారిని పడమరగా పోయినచో మా పుట్టినిల్లు జగ్గయ్యపేట వచ్చును. ధనంబోడు మీది ప్రాచీన బౌద్ధస్తూపము అచ్చటిదే. వేసవిలో మున్నేటిని చూచినవారు, ఇది ఏఱా యిసుకదిబ్బయా యని నవ్వుదురు. ఆ మున్నేఱే 2023 జూలైలో ఐతవరమువద్ద రహదారి మీదికెక్కి రాకపోకలను నిలిపివేసినది. ఇట్టి సీమలో పుట్టి పెరిగినవారికి ఒక సంగతి తెలియును. ఏటి సగములో ఏటిని నిర్ణయింపరాదు. ప్రత్తిపూత చూచి అప్పు తెచ్చినవారును, ఒక్క వానకు జడిసి చేను దున్నివేసినవారును మా వైపు కొల్లలు. పంట విషయములో ఇంత యెఱిగియుండియు ఆట విషయములో మేము మఱచితిమి. ఆ కథయే యిది.

మా తండ్రిగారు మమ్ము బడికి పంపక యింటియొద్దనే అమరము, భారతము, కొన్ని కావ్యములు చెప్పిరి. బంతియాట మగవారిదే యనువారిని చూచినప్పుడెల్ల మాకు దండి మహాకవి దశకుమారచరితములోని కందుకావతి జ్ఞాపకము వచ్చును. ఆ రాజపుత్రి వింధ్యవాసినీదేవి ప్రీతికై ప్రజలందఱి యెదుట బంతియాడినది. ఆ గ్రంథమును కేతన తెనుగుచేసి తిక్కనకు అంకితమిచ్చెను. కురుకుమారుల బంతి నూతిలో పడగా ద్రోణుడు తీసియిచ్చిన కథయు అందఱికి తెలిసినదే. ఆ యాటలో వారి చెల్లెలు దుస్సల యుండెనో లేదో వ్యాసులవారు చెప్పలేదు. ఉండియుండునని మా అమ్మాయి వాదము.

క్రికెట్టు మాకు కాపురమునకు వచ్చిన తరువాతనే తెలిసినది. మా వారు ఉపాధ్యాయులు. ఆట వచ్చుచున్నదినములలో వారు అన్నము తినుచు తెఱవంక చూచుచుండగా, విస్తరిలో ఏమి వడ్డించితిమో వారికి తెలియకుండెను. వారితో మాటలాడవలెనన్న ఆ యాట నేర్చుకొనుట తప్ప వేఱు దారి లేకపోయెను. నేర్చితిమి. మా అత్తగారును నేర్చిరి. ఇప్పుడు ఓవరనగా ఆఱు బంతులనియు, ఎల్బీడబ్ల్యు అనగా ఏమో యనియు ఆమెయే పొరుగువారికి బోధించుచుందురు.

ఆటను మైదానమున మొదట చూచినది మాత్రము మూలపాడులో. నందిగామనుండి విజయవాడకు పోవునప్పుడు కీసర వంతెన, కంచికచర్ల, పరిటాల దాటిన పిమ్మట, ఇబ్రహీంపట్టణమునకు ముందు ఆ గ్రామము వచ్చును. దగ్గఱనే కొండలు. 2016 నవంబరులో వెస్టిండీసు దేశపు స్త్రీల జట్టు అచ్చటికి వచ్చి మన జట్టుతో ఆడినది. 10, 13, 16 తేదీలలో ఏబదేసి ఓవర్ల ఆటలు మూడు. 18, 20, 22 తేదీలలో ఇరువదేసి ఓవర్ల ఆటలు మూడు. మేము 13వ తేదీ ఆదివారమున పోయితిమి. పెద్దనోట్లు రద్దయిన అయిదవ దినమది. సంచిలో చిల్లర తప్ప డబ్బు లేదు. ఇంటినుండి తీసికొనిపోయిన పులిహోరయే మాకు ఆధారము. మా అమ్మాయికి అప్పుడు అయిదేండ్లు. మిథాలీరాజు బ్యాటు పట్టుకొని మెట్లు దిగి వచ్చుచుండగా చూచి, "ఆమె కూడ బడికి పోవుచున్నదా?" యని యడిగినది. ఆనాడు మనమే గెలిచితిమి. ఏబది ఓవర్ల ఆటలు మూడింట మన జట్టే గెలిచినది. తరువాతి మూడింట ఓడినది. అవే జట్లు, అదే నేల, పదుమూడు దినముల వ్యవధి. 16వ తేదీన చూచి లేచిపోయినవారు మన జట్టు అజేయమనియు, 18వ తేదీన వచ్చినవారు ఎందుకు కొఱగాదనియు చెప్పుకొనియుందురు.

ఆ అయిదేండ్ల పిల్లకు 2025 నాటికి పదునాలుగు నిండినవి. తొమ్మిదవ తరగతి. ఎడమచేతితో బంతి త్రిప్పును. సాయంకాలము పాఠశాల మైదానమున మగపిల్లలతో కలసి ఆడును. ఎనిమిదవ తరగతి వఱకు ఎవరును ఏమియు అనలేదు. ఆ తరువాత బంధువులు ఒక్కొక్కరుగ అడుగసాగిరి. "వచ్చే యేడు పదవ తరగతి గదా?" యని కొందఱు, "ఎండలో నల్లబడుచున్నది గదా?" యని కొందఱు. మేమును మెత్తబడితిమి. ఇంటిలో ఒక ఒడంబడిక జరిగినది. ప్రపంచకప్పు పోటీలలో ఒక ఆటకు విశాఖకు తీసికొనిపోవుదుము. తిరిగివచ్చిన తరువాత బ్యాటు, బంతి అటకెక్కవలెను. పిల్ల సరేయన్నది. ఆ సరేలో సంతోషము లేదని తెలిసియు మేము తెలియనట్లుంటిమి.

ఇక పోటీల సంగతి. ఎనిమిది దేశముల జట్లు. ఒక్కొక్క జట్టు ఏడు ఆటలాడవలెను. పైనున్న నాలుగు జట్లకు సెమీఫైనలు. మన జట్టు సెప్టెంబరు 30న గౌహతిలో శ్రీలంకపై 59 పరుగులతోను, అక్టోబరు 5న కొలంబోలో పాకిస్తానుపై 88 పరుగులతోను గెలిచినది. తరువాతి రెండాటలు మన విశాఖలోనే. మొదటిది అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతో.

ఆనాడు అట్లతద్ది. తెల్లవారకముందే లేచి పిల్లలు చద్ది తిని, గోరింటాకు చేతులతో ఉయ్యాలలూగిరి. సాయంకాలము మేము గౌరీదేవికి అట్లు పోయుచు, చెవి మాత్రము ముందుగదిలో నుంచితిమి. 102 పరుగులకే మనవారు ఆఱుగురు ఔటయిరి. అప్పుడు రిచా ఘోష్ వచ్చి 94 పరుగులు చేసి జట్టును 251కి చేర్చినది. ఆ తరువాత దక్షిణాఫ్రికా 81కే అయిదు వికెట్లు పోగొట్టుకొనగా, చంద్రదర్శనము చేసికొని వచ్చి, ఇక మనదే గెలుపని వాయనములిచ్చితిమి. అంతలో నాడిన్ డి క్లర్క్ అను నామె 54 బంతులలో 84 పరుగులు చేసి ఆటను మన చేతిలోనుండి తీసికొనిపోయినది. అట్లు చల్లారిపోయినవి. అత్తగారు మాత్రము, "ఆ పిల్లయు ఏ గౌరికో నోచియుండును" అనిరి.

మేము టిక్కెట్టు కొన్నది తరువాతి ఆటకు. 12వ తేదీ ఆదివారము, ఆస్ట్రేలియాతో. ఈ పోటీలకు టిక్కెట్ల వెల నూఱు రూపాయలనుండి యుండుట మావంటి సంసారులకు మేలు చేసినది. ముందుదినము రెండవ శనివారము గనుక మా వారికి సెలవు. ఉదయమున గాంధీసెంటరులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితిమి. ఆ యేడు ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము కలుగజేసిరి. కావున మాకును అమ్మాయికిని సున్న టిక్కెట్లు, మా వారికి మాత్రము డబ్బు టిక్కెట్టు. "ఇంటి పెద్దకు ఈ గౌరవమైన మిగిలినది" యని వారు నవ్విరి. మూలపాడు వచ్చినప్పుడు అమ్మాయి కిటికీలోనుండి మెడ సాచి చూచినది. మేము పులిహోర జ్ఞాపకము చేసితిమి. ఆమెకు పులిహోర జ్ఞాపకము లేదట. మెట్లు దిగి వచ్చిన బ్యాటు జ్ఞాపకమున్నదట.

విజయవాడలో మధ్యాహ్నపు రైలెక్కితిమి. ఏలూరు, తాడేపల్లిగూడెము దాటువఱకు ఇరువైపుల వరిచేలే. మెట్టవారి కన్నులకు ఆ పచ్చదనము ఎంత చూచినను తనివి తీరదు. గోదావరి వంతెనపై ప్రయాణికులందఱు కిటికీలవద్దకు చేరి నాణెములు వేసిరి. మేమును వేసితిమి. అమ్మాయి ఏమి కోరుకొన్నదో అడుగలేదు. సందెవేళకు అన్నవరము కొండ కనబడగా చేతులు జోడించితిమి. చీకటి పడిన తరువాత విశాఖ చేరి, మధురవాడలో మా చిన్న ఆడబిడ్డ యింట దిగితిమి.

సముద్రమును గూర్చి వ్రాసినవారు చాలమంది కలరు గనుక మేము వ్రాయము. మైదానమును గూర్చి చెప్పెదము. అది పోతినమల్లయ్యపాలెములో రహదారి ప్రక్కనున్నది. చుట్టును కొండలు, నడుమ పచ్చని పళ్ళెమువలె నేల. 2005 ఏప్రిలులో పాకిస్తానుపై ధోనీ 148 పరుగులు చేసినది ఇచ్చటనే యని మా వారు పదిసారులు చెప్పిరి. కాని ఆదినము ఆ మైదానమునకు ఇద్దఱు స్త్రీల పేర్లు పెట్టిరి. ఒక స్టాండునకు మిథాలీరాజు పేరు. ఒక ద్వారమునకు రావి కల్పన పేరు. మిథాలీరాజు హైదరాబాదులో పెరిగినది. 232 వన్డే ఆటలలో 7,805 పరుగులు చేసినది. 2005లోను 2017లోను జట్టును ప్రపంచకప్పు ఫైనలువఱకు నడిపించి, రెండుసార్లును కప్పు లేకయే తిరిగివచ్చినది. రావి కల్పన మన కృష్ణాజిల్లా పిల్ల, ఆటో నడుపు తండ్రి బిడ్డ. వికెట్ కీపరుగా భారతజట్టున ఏడు వన్డేలు ఆడినది. వేలకొలది పరుగులు చేసినవారికి స్టాండు కట్టుట వింత కాదు. ఏడే యేడు ఆటలాడిన మన జిల్లా పిల్ల పేర ద్వారము నిలిచినదన్న మాట విని మా కన్నులు చెమర్చినవి. అమ్మాయి ఆ పేరును రెండుసారులు చదివినది.

మూడు గంటలకు ఆట ఆరంభమైనది. మన స్మృతి మంధాన, ప్రతీకా రావల్ ఇద్దఱును దిగి, ఎవరును ఔటు కాకుండ 155 పరుగులు చేసిరి. స్మృతి 80, ప్రతీక 75. ఒకే సంవత్సరములో వన్డేలలో వేయి పరుగులు చేసిన మొదటి స్త్రీ స్మృతియే యని తెఱపై వ్రాసిరి. మా వరుసలో ముత్తైదువలు, ముసలమ్మలు, చంకపిల్లల తల్లులు నుండిరి. ఒక పెద్దమ్మ ఫోరు కొట్టినప్పుడెల్ల ముక్కుపైన వ్రేలుంచుకొని "అమ్మమ్మా!" యనుచుండెను. ఇంటిలో టెలివిజను ముందు కూర్చున్నచో బంతి ఒక్కటే కనబడును. మైదానమున బంతి లేనిచోట ఏమి జరుగుచున్నదో కూడ కనబడును. దూరమున నిలిచిన పిల్ల ఓవరు ఓవరునకు ఎట్లు పరుగెత్తి స్థానము మార్చుకొనునో, కెప్టెను హర్మన్‌ప్రీత్ కౌర్ చేతిసైగతో ఎట్లు నడిపించునో, ఔటయిన పిల్ల తల వంచుకొని ఎంత దూరము ఒంటరిగా నడువవలెనో, ఇవన్నియు అచ్చటనే తెలిసినవి.

నాలుగు వికెట్లకు 294 పరుగులున్నప్పుడు 360 ఖాయమని మా వారు లెక్క వేసిరి. చివరి ఆఱుగురు 36 పరుగులకే ఔటయిరి. అనాబెల్ సదర్లాండ్ అయిదు వికెట్లు తీసినది. మొత్తము 330. అదియు కొద్ది కాదు. అప్పటివఱకు స్త్రీల వన్డేలలో అంత మొత్తమును ఎవరును ఛేదింపలేదు.

తరువాత ఆస్ట్రేలియా కెప్టెను అలిస్సా హీలీ బ్యాటు పట్టినది. 107 బంతులలో 142 పరుగులు. అంత జనము నిశ్శబ్దమైపోవుట మేమెన్నడును వినలేదు. నిశ్శబ్దమును వినుట యేమని నవ్వవలదు, అచ్చట అది వినబడినది. మన పక్షమున ఎదురు నిలిచినది కడపజిల్లా పల్లెనుండి వచ్చిన శ్రీచరణి. వయస్సు ఇరువదియొకటి, ఎడమచేతి స్పిన్ను. పది ఓవర్లలో 41 పరుగులు మాత్రమిచ్చి మూడు వికెట్లు తీసినది. ఆమె చేతికి బంతి వచ్చినప్పుడెల్ల మా అమ్మాయి లేచి నిలుచుండెను. వెనుకవారు "కూర్చో తల్లీ" యనిరి, కూర్చున్నది కాదు. నడుమ నొప్పితో వెడలిపోయిన ఎలీస్ పెర్రీ చివర మరల వచ్చి, సిక్సరుతో ఆటను ముగించినది. ఇంకను ఒక ఓవరు మిగిలియుండగనే ఆస్ట్రేలియా మూడు వికెట్ల తేడాతో గెలిచినది.

తిరుగు రైలులో నిద్ర పట్టలేదు. నాలుగు ఆటలైనవి, మూడు మిగిలినవి. రెండు గెలుపులు, రెండు ఓటములు. సరిగా నడిమి దారి. అభిమానులకు అభిప్రాయములు పుట్టు సమయమదియే. విరాటుని కొలువున అంతఃపురస్త్రీల నడుమ ఉత్తరకుమారుడు కౌరవసేనను గెలుచు విధమెల్ల వర్ణించెను గదా! మేమును పైబెర్తుమీదినుండి అట్లే జట్టును చక్కబెట్టితిమి. మా అభిప్రాయములు నాలుగు.

మొదటిది: అయిదుగురు బౌలర్లతో పని జరుగదు, ఆఱవవారు కావలెను. ఇంటికి వచ్చి చెప్పగా అత్తగారు, "ఇందుకు విశాఖ పోవలెనా? పెండ్లికి అయిదుగురు వంటవాండ్రను పిలిచి, ఒకరికి చేయి కాలినచో చేయునదేమి?" యనిరి. రెండవది: చివర బ్యాటుచేయువారు ఓవర్లు మిగిల్చి ఔటగుట దుబారా. ఉప్పు, పప్పు మిగిలియుండగనే పొయ్యి ఆర్పినట్లు ఏడు బంతులు మిగిల్చిరి. మూడవది: శ్రీచరణిని ఏ ఆటలోను మానుపరాదు. నాలుగవది: జెమీమా రోడ్రిగ్స్‌ను కొన్నాళ్ళు కూర్చుండబెట్టవలెను, నాలుగాటలలో రెండు సున్నలు చేసినది గదా!

ఈ నాలుగవ మాట అన్నప్పుడు క్రిందిబెర్తునుండి అమ్మాయి, "రెండు సార్లు సున్న వస్తే ఇంక ఆడకూడదా అమ్మా?" యని యడిగినది. "అది జట్టు సంగతి, నీకేల?" యంటిమి. మఱి మాటలాడలేదు. మా వారు తువ్వాలు మొగముపైకి లాగుకొని నిద్ర నటించిరి.

ఇంటికి వచ్చిన నాడు అమ్మాయి తానే నిచ్చెన వేసికొని బ్యాటును అటక మీద పెట్టినది. చెప్పవలసిన పని లేకపోయినది. అంత బుద్ధిమంతురాలైనందుకు సంతోషింపవలసినది. మాకు సంతోషము కలుగలేదు.

అక్టోబరు 19న ఇండోరులో ఇంగ్లండుతో ఆట. మన జట్టువారు జెమీమాను మానిపి ఆఱవ బౌలరును చేర్చిరి. మా మాట విన్నట్లే జరిగినదని గర్వించితిమి. ఇంగ్లండు 288, మనము 284. చేతిలో నాలుగు వికెట్లుండగనే నాలుగు పరుగులు తక్కువైనవి. ఆ మరునాడు దీపావళి. వరుసగ మూడు ఓటములు. వీధిలో అందఱును జట్టు పని ముగిసినదనిరి. "ఆడపిల్లలు పాపము, అంతవఱకే" యని ఒకరనగా, మా అత్తగారు కాకరపువ్వొత్తి చేత బట్టుకొనియే వారిని చీవాట్లు పెట్టిరి. మగవారు ఓడిన నాడు అది ఆట. ఆడవారు ఓడిన నాడు అది ఆడతనమా? అని ఆమె యడిగిన ప్రశ్నకు ఆ వీధిలో బదులు చెప్పినవారు లేరు.

పిమ్మట జరిగినది లోకమెఱిగినదే గనుక క్లుప్తముగ చెప్పెదము. 23వ తేదీన నవీముంబయిలో న్యూజిలాండుపై 340 పరుగులు చేసి గెలిచిరి. స్మృతి 109, ప్రతీక 122, మరల జట్టులోనికి వచ్చిన జెమీమా ఔటు కాకుండ 76. బంగ్లాదేశుతో ఆట వానపాలైనది; అందులో ప్రతీకకు కాలు బెణికి, ఆడు యోగము పోయినది. ఏడు పాయింట్లతో నాలుగవ స్థానమున మన జట్టు సెమీఫైనలు చేరినది. ఎదుట మరల ఆస్ట్రేలియాయే. 30వ తేదీన వారు 338 చేయగా, మనవారు అయిదు వికెట్లకు 341 చేసి గెలిచిరి. విశాఖలో మన కన్నులయెదుట ఏర్పడిన రికార్డును పదునెనిమిది దినములలో మనవారే తుడిచివేసిరి. తుడిచినదెవరు? మేము కూర్చుండబెట్టుమన్న జెమీమా! 134 బంతులలో 127 పరుగులు, ఔటు కాకుండ. ఆట ముగియగానే ఆమె కంటతడి పెట్టినది. మేము వంటింటిలోనికి పోయితిమి.

ఫైనలు నవంబరు 2న. ఆనాడు మాకు క్షీరాబ్ధిద్వాదశి. వానవలన ఆట సాయంకాలము అయిదు గంటలకు గాని మొదలు కాలేదు. తులసికోటవద్ద ఉసిరికొమ్మ నాటి, దీపములు వెలిగించి, పూజ ముగించి వచ్చునప్పటికి షెఫాలీ వర్మ కొట్టుచుండెను. ప్రతీకకు బదులుగ సెమీఫైనలునకు ముందు పిలిపించిన పిల్ల ఈమె. 87 పరుగులు చేసినది. అంతటితో ఆగక, బంతి చేతికియ్యగా రెండు వికెట్లును తీసినది. ఆఱవ బౌలరు కావలెనన్న మా మాట నిజమైనది గాని, ఆ ఆఱవ చేయి మేము చూచిన జట్టులోనే లేదు! దీప్తి శర్మ 58 పరుగులు చేసి, 39 పరుగులకు అయిదు వికెట్లు తీసినది. దక్షిణాఫ్రికా 246కు ఔటయినది. చివరి వికెట్టు ఎవరిదనుకొన్నారు? అట్లతద్దినాడు మమ్మేడిపించిన డి క్లర్క్‌దే. హర్మన్‌ప్రీత్ వెనుకకు పరుగెత్తి క్యాచి పట్టినది. 52 పరుగుల గెలుపు. స్త్రీల జట్టునకు మొదటి ప్రపంచకప్పు. అర్ధరాత్రి వీధిలో దీపావళికి మిగిలిన టపాకాయలు పేలినవి. మన శ్రీచరణి ఆ పోటీలలో మొత్తము 14 వికెట్లు తీసినది.

ఇప్పుడు మా నాలుగు అభిప్రాయములను తూచి చూతము. శ్రీచరణిని గూర్చినది పూర్తిగా నిజము. ఆఱవ బౌలరును గూర్చినది సగము నిజము. ఓవర్లు మిగిల్చుటను గూర్చినది గృహిణులందఱు చెప్పగల మాట, దానికి గొప్పతనము లేదు. జెమీమాను గూర్చినది కేవలము తప్పు. అది తప్పగుటకు కారణము మాకు ఆట తెలియకపోవుట కాదు. రెండు సున్నలను చూచితిమి గాని, ఆ రెండింటి నడుమ ఆమె చేసిన 32ను, విశాఖలో మా కన్నులయెదుటనే చేసిన 33ను లెక్కింపలేదు. ఒక పిల్లను మాన్పింపవలెనని మనస్సున ముందే నిశ్చయించుకొన్నవారికి సున్నలే కనబడును. ఇంటిలో మేము చేసినదియు అదియే. ఆట మాన్పించుటకు పదవ తరగతిని కారణముగ చెప్పితిమి. ఆ పిల్ల త్రైమాసిక పరీక్షలో వెనుకబడినదా యని మమ్ము మేము అడిగికొనలేదు. వెనుకబడలేదు.

మరునాడు సోమవారము సాయంకాలము మేమే నిచ్చెన వేసికొని అటక యెక్కితిమి. బ్యాటు క్రొత్త చేటల వెనుక, పాత గోనెసంచిలో చుట్టియున్నది. పిల్ల దానిని ఎంత జాగ్రత్తగ చుట్టినదో చూచి మా గుండె పట్టినట్లయినది. క్రిందికి దించి, దుమ్ము తుడిచి, గుమ్మము ప్రక్క నానించితిమి. ఏమియు చెప్పలేదు. పిల్ల బడినుండి వచ్చి, సంచి పెట్టి, బ్యాటు చూచి, మా వంక చూచి, "చీకటి పడకముందే వస్తాను" అని చెప్పి పోయినది. అత్తగారు వాకిటిలో కూర్చుండి, "ఆఱు గంటలకు రాకున్న నేనే వచ్చి తీసికొనివత్తును" అని కేకవేసిరి.

పదవ తరగతి వచ్చును. పరీక్షలు వచ్చును. ఆ పిల్ల భారతజట్టున ఆడునని మేము కలలు కనుట లేదు. ఆడకున్నను లోపము లేదు. కాని ఆమె ఏటి సగములో పంట దున్నివేసిన పాపము ఇక మేము కట్టుకొనము.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు సోదరీమణులు మా మున్నేటి వంతెన దాటి ఇరువది నిముషములు పోయినపిమ్మట మూలపాడు వచ్చును. ప్రక్కన ఆడపిల్లలున్నచో ఆ మైదానమువంక చేయి చూపి, 2016లో అచ్చట ఆడినదెవరో చెప్పుడు. ఆ రోజుల ఆటలలో మొదటి మూడింట గెలిచిరనియు చెప్పుడు, తరువాతి మూడింట ఓడిరనియు చెప్పుడు. రెండును చెప్పవలెను.